సున్నా దెబ్బ

మురారికి ఒకటే దిగులు. తన వీరుడు కొట్టే దెబ్బ చాలడం లేదు.

కాకినాడలో ఓ పిండిమర మీది గదిలో ప్రతి ఆదివారం మధ్యాహ్నం ముగ్గురు కూర్చుని పాచికలతో కథ ఆడుకుంటారు. కథ నడిపేది అరుంధతి మేడం. మిగిలిన ఇద్దరూ కథలో చెరో మనిషి. ఏం చేయబోతున్నారో వాళ్ళు చెబుతారు, అది కుదిరిందో లేదో పాచిక చెబుతుంది. మేడం బళ్ళో భూగోళం చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఓపిక గల మనిషే. కానీ ఈ మురారి వచ్చి నెల తిరక్కుండానే ఆ ఓపిక కాస్తా హరించుకుపోయింది.

"మేడం, మొదటి లెవెల్లోనే డ్యామేజీ ఇంకా పెంచాలంటే ఏం చెయ్యాలి?"

డ్యామేజీ అంటే దెబ్బకున్న బలం. గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఇదే. టీ తాగుతూ ఇదే. ఇంటికెళ్ళి ఫోన్ చేసి మరీ ఇదే. ముందు ఆట నేర్చుకోరా నాయనా అంటే వింటేగా! కథలో తన వీరుడు రుద్రసేనుడి డాలు అమ్మేశాడు, తాడు అమ్మేశాడు. చివరికి దీపం కూడా అమ్మి, రెండు చేతులా ఎత్తితే గానీ లేవని గొడ్డలి ఒకటి కొన్నాడు. ఇక దాన్ని తలుచుకుని మురిసిపోవడమే పని.

ఆ ఆదివారం కథ ఓ చీకటి గుహలోకి చేరేసరికి ఇంకో అడుగు ముందుకేశాడు.

"సల్మా అక్క పాత్ర దండగ మేడం. దివిటీ పట్టుకుని నిలబడటమేగా? దెబ్బ సున్నా. అక్కని కూడా గొడ్డలి పట్టమనండి."

సల్మా ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి, నిద్ర మానుకుని ఆటకొచ్చింది. పాపం, ఆమె ముఖం చిన్నబోయింది.

"సరేలే. కథలో నా పిల్ల దివిటీ తీసుకుని గుహ బయటికి వెళ్ళిపోతుంది," అంది.

"వెళ్ళనీ అక్కా. రాక్షసుడు ఎదురుగానే ఉన్నాడు. నేను కొడుతున్నా."

మేడంకి ఒళ్ళు మండింది. ఎన్నిసార్లని చెబుతుంది? లేచి కిటికీ తలుపులు దబ్బున మూసింది. లైటు ఆర్పింది. గదంతా చీకటి. కింద మర చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

"వెయ్యి," అంది.

ఇరవై ముఖాల పాచిక బల్ల మీద దొర్లి ఆగింది.

"ఎంత పడింది?"

"కనిపించడం లేదు మేడం. లైటెయ్యండి."

"రుద్రసేనుడి దగ్గర దీపముందా?"

"అమ్మేశాను కదండీ."

"అయితే వాడు రాక్షసుణ్ణి కొట్టాడో గోడని కొట్టాడో నాకేం తెలుసు? రాక్షసుడు గుహలో పుట్టినవాడు. వాడికి నువ్వు బాగానే కనిపిస్తున్నావు."

చీకట్లో ఆవిడ గుప్పిట్లో పాచికలు గలగలమన్నాయి. ఆ బల్ల దగ్గర చచ్చినవాడు చచ్చినట్టే, మళ్ళీ బతికించే ఆచారం లేదు. రుద్రసేనుడికి డాలు లేదు. ఒక్క దెబ్బ చాలు. మురారి ఊపిరి ఆవిడకి వినిపిస్తూనే ఉంది.

"ఆగండి మేడం! సల్మా అక్కా, ఒక్కసారి లోపలికి రావా?"

"నేనొచ్చి ఏం చేస్తాను బాబూ? నా దెబ్బ సున్నా కదా."

పాచికల గలగల ఆగలేదు.

"తప్పయిపోయిందక్కా. కాస్త వెలుగు చూపించు."

కుర్చీ జరిగిన చప్పుడైంది. సల్మా వెళ్ళి కిటికీ తెరిచింది. పిండి దుమ్ముతో పాటే ఎండ వచ్చి బల్ల మీద పడింది. మురారి పాచిక ఇరవై చూపిస్తోంది. దాని మీద అంతకన్నా పెద్ద అంకె లేదు.

"రాక్షసుడు కూలాడు," అంది మేడం. "ఇప్పుడు చెప్పు. ఈ దెబ్బ ఎవరిది?"

ఇంకో రోజైతే మురారి గంతులేసేవాడు. ఈసారి పాచికని సల్మా వైపు జరిపాడు. మళ్ళీ నసిగాడు.

"మేడం, డ్యామేజీ ఇంకా పెంచాలంటే..."

"మళ్ళీ మొదలుపెట్టావూ!" ఆవిడ నెత్తి కొట్టుకుంది.

"అది కాదు మేడం. ఈ గొడ్డలి అమ్మేసి చిన్నది కొంటే, మిగిలిన డబ్బుతో అక్క దివిటీకి ఎంత నూనె వస్తుంది?"