ఎడమచేతి విన్నపం

ఒకానొక రాజ్యంలో తనకు తెలియనిది లేదని నమ్మే రాజు ఒకాయన ఉండేవాడు. పేరు విజయకంఠీరవుడు. ఆయన అక్షరాలు ముత్యాల్లా ఉంటాయని అందరూ అనేవారు. నిజంగానే ఉండేవి. అందుకే ఆజ్ఞాపత్రాలు లేఖకులకు వదలకుండా, నిండు కొలువులో తానే గంటం పట్టి తాటాకు మీద రాసి, అందరికీ చూపించి మరీ పంపేవాడు.

ఆ కోటగుమ్మం పక్కనే తన ఇంటి అరుగు మీద బడి నడిపేవాడు పేరయ్య పంతులు. కొలువులో ఆయనకూ ఒక ఆసనం ఉండేది, స్తంభం వెనక. ఇరవై ఏళ్ళుగా అవే ఎక్కాలు, అదే రాగం, అవే తిట్లు. నోరు దానంతటదే పాఠం చెబుతుంటే, తాను మనసులో మధ్యాహ్నం తినబోయే వంకాయకూర గురించి ఆలోచించుకునే స్థితికి చేరుకున్నాడు. దాన్నే అనుభవం అనుకునేవాడు.

ఒకరోజు పదమూడో ఎక్కం చెబుతూ చెబుతూ, తన పాఠానికి తానే నిద్రపోయి, పీట మీంచి జారి అరుగు కింద పడ్డాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. పిల్లలు నిద్రపోతే లేపడానికి బెత్తం ఉంది. పంతులు నిద్రపోతే లేపడానికి నేల ఉందని ఆవేళ తెలిసింది.

కట్టు కట్టించుకుని వచ్చి, ఎడమచేత్తో ఇసుకలో ‘అ’ దిద్దబోయాడు. అది గొంగళిపురుగులా పొర్లింది. మళ్ళీ దిద్దితే ఈసారి పురుగు వెల్లకిలా పడింది. గుమ్మంలోంచి చూస్తున్న ఆయన భార్య గవరమ్మ, “ఇంత చిన్న విషయం రాదా?” అంది.

ఆ మాట ఆమె సొంతం కాదు. ఇరవై ఏళ్ళుగా గోడ అవతల్నించి రోజుకు పదిసార్లు వింటున్నదే. పేరయ్యకు ముందు ఒళ్ళు మండింది. తరవాత సిగ్గేసింది. ఆ మాట చెవిన పడితే రాబోయే అక్షరం కూడా చేతిలోంచి జారిపోతుందని ఆయనకు యాభయ్యో ఏట తెలిసింది.

తెలిస్తే తెలిసింది, నోరు మూసుకుని ఉండొచ్చు కదా. ఊరకున్నంత ఉత్తమం లేదని పిల్లలకు బోధించిన మనిషే, పోయి పోయి రాజుగారికి విన్నపం పెట్టుకున్నాడు. రాజ్యంలోని పంతుళ్ళందరూ ఏటా నలభై రోజులు తమకు రాని విద్య ఏదో ఒకటి, కుమ్మరి దగ్గరో సాలె దగ్గరో శిష్యులుగా కూర్చుని నేర్చుకోవాలని, అందుకు ఏలినవారు సెలవివ్వాలని దాని సారాంశం. పద్దెనిమిది మంది పంతుళ్ళ చేత కింద చేవ్రాళ్ళు కూడా చేయించాడు.

రాజు ఆ తాటాకును రెండు వేళ్ళతో ఎత్తి కొలువంతటికీ చూపించాడు. ఈ వంకర రాత చూస్తే పంతులు నేర్చుకోవలసింది చాలానే ఉన్నట్టుందన్నాడు. కొలువు నవ్వింది. స్తంభం వెనక నుంచి పేరయ్య కూడా నవ్వాడు, నవ్వకపోతే బాగుండదని.

“చదువు ఉండేది బుర్రలో, పంతులూ,” అన్నాడు రాజు. “ఒకసారి ఎక్కిందా, ఇక నేర్చుకునేదేం లేదు. ఇంకా నేర్చుకోవాలనేవాడు నేర్పడానికి పనికిరాడు.”

అంతటితో ఊరుకోలేదు. విన్నపం మీద చేవ్రాలు చేసిన వాళ్ళందరినీ పౌర్ణమినాటికి బడులనుంచి తొలగించమని ఆజ్ఞ రాయడానికి గంటం తెమ్మన్నాడు. విన్నపంతో పాటు కొలువుకు వచ్చిన ఆ పద్దెనిమిది మందీ తలలు తిప్పి పేరయ్య వంక చూశారు. కోరి కొరివితో తల గోక్కున్నాడు సరే, తన తలతో ఊరుకోక పక్కవాళ్ళ తలలకూ అంటించాడు.

అయినా పేరయ్య లేచి ముందుకొచ్చాడు.

“ప్రభూ, చదువు బుర్రలో ఉంటే చెయ్యి ఏదైనా ఒకటే కదా. నా ఎడమచెయ్యి మాట వినకపోతే తప్పు చేతిదనుకున్నాను. బుర్రదని ఇప్పుడు తెలిసింది. ఆ ఆజ్ఞ ఏలినవారు ఎడమచేత్తో రాసి చూపిస్తే, నా మొద్దుతనం ఎంతో తెలుసుకుని పోతాను.”

ఎడమచెయ్యి అశుభమని మంత్రి నాగదేవుడు అడ్డుపడ్డాడు. రాసేది తొలగింపే కాబట్టి శుభంతో పనిలేదన్నాడు పేరయ్య. పైగా ఇంకో మనవి చేసుకున్నాడు. పౌర్ణమినుంచి ఎలాగూ బడి ఉండదు, రాజుగారు రాస్తున్నంతసేపూ పక్కన నిలబడి బడిలో అనే మాటలు ఆఖరుసారిగా అనుకుంటాను, అభయమిప్పించమన్నాడు. నిండు కొలువులో వెనక్కి తగ్గితే పరువు పోతుంది. రాజు అభయమిచ్చి, గంటాన్ని ఎడమచేతిలోకి మార్చుకున్నాడు.

మొదటి అక్షరానికే ఆకు చీలింది. రెండో ఆకు తెచ్చారు.

“ఊఁ, కానీ. నిన్ననే కదా చెప్పాను,” అన్నాడు పేరయ్య, ఎడమచెయ్యి వెనక్కి పెట్టుకుని.

గంటం జారి రాజుగారి బొటనవేలికి గుచ్చుకుంది. మూడో ఆకు తెచ్చారు. రాజు నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి, రెండక్షరాలు గీకాడు. కిరీటం కిందనుంచి చెమట కారుతోంది.

“పక్కవాళ్ళందరూ రాసేశారు. ఇంత చిన్న విషయం రాదా?”

రాజు గంటం విసిరికొట్టాడు. “నువ్వలా నెత్తిమీద నిలబడి వాగుతుంటే వచ్చేది కూడా రాదు. కాసేపు నోరు మూసుకుంటే అదే వస్తుంది.”

“పిల్లలూ అదే అనుకుంటారు ప్రభూ,” అన్నాడు పేరయ్య నెమ్మదిగా. “పైకి అనే ధైర్యం వాళ్ళకు లేదు.”

కొలువులో ఎవరూ నవ్వలేదు. ఆరేళ్ళ పిల్లల్ని ఇరవై ఏళ్ళు ఇవే మాటలన్నాననీ, తనకు రానిది ఒకటి ఎదురైతే తప్ప అది ఎలా ఉంటుందో గుర్తురాలేదనీ చెప్పాడు పేరయ్య.

రాజు చీలిన ఆకుల్ని పక్కకు జరిపాడు. తరవాత ఆ విన్నపాన్ని మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు, ఈసారి రెండు చేతులా.

“ఇది ఎడమచేత్తో రాసిందా?”

“చిత్తం.”

“ఇలా రాయడానికి ఎన్నాళ్ళు పట్టింది?”

“నలభై రోజులు ప్రభూ. అందుకే నలభై రోజులు అడిగాను.”

ఇంకా కట్టు విప్పని కుడిచేతిని చూసి, అది ఎలా విరిగిందని అడిగాడు రాజు. అబద్ధం చెబుదామని ఒక్క క్షణం ఆశపడి, ఉన్నదున్నట్టే చెప్పేశాడు పేరయ్య. పదమూడో ఎక్కం దగ్గర మొదలైన రాజుగారి నవ్వు అరుగు దగ్గరికొచ్చేసరికి పొట్ట పట్టుకునేదాకా పోయింది. నవ్వి నవ్వి, కుడిచేత్తో ముత్యాల్లాంటి అక్షరాలతో పంతుళ్ళకు ఏటా నలభై రోజుల సెలవు మంజూరు చేశాడు. తన బంగారు కంకణం తీసి పేరయ్య ఎడమచేతికే తొడిగాడు.

“కూర్చున్న పీట మీద నిలవలేని మనిషివి,” అన్నాడు రాజు. “ఈ ఏడు నీకు గుర్రపుస్వారీ.”

మూడోరోజున గుర్రాలవాడు నేలమీదున్న పంతుల్ని చూసి, ఇంత చిన్న విషయం రాదా అన్నాడట. పేరయ్య నడుం పట్టుకుని లేచి, దుమ్ము దులుపుకుని మళ్ళీ ఎక్కాడు. స్వారీ ఆయనకు వచ్చిందో లేదో ఎవరూ చెప్పరు గానీ, ఆ ఏడాది నుంచి ఆ మాట మాత్రం గవరమ్మకు గోడ అవతల్నించి వినబడలేదు.