వేలు పట్టుకున్న గురువు

"మీ పేరు ఎవరైనా పిలిస్తే లోపల ముందు మోగేది శబ్దమా, కనబడేది అక్షరాలా?" చింతపండు గింజలు తీస్తూ మనవలని అడిగాను.

"అక్షరాలే, నాయనమ్మా," అంది పెద్దది.

"కోతలు!" అన్నాడు చిన్నవాడు.

అయితే బ్రహ్మయ్య సంగతి వినండన్నాను.

బుర్రకథ చెప్పే వెంకటప్పయ్యగారికి ఒక అలవాటుండేది. పక్కన నిలబడి పాడే వంతలకి కాగితం ఇచ్చేవారు కాదు. సభలో అప్పటికప్పుడు కట్టిన చరణాన్ని కూడా వంతపాటగాడు విన్నది విన్నట్టే అందుకోవాలి. మర్నాడు పక్కూళ్ళో కథ. కుడిపక్క వంత బ్రహ్మయ్యకి మొదటిసారి దక్కబోతోంది. తడబడితే ఆ చోటు తోటి శిష్యుడు దావీదుది.

బ్రహ్మయ్య బడిలో చదువుకున్నవాడు. ఆ ధీమాతోనే అడిగాడు: "గురువుగారూ, అక్షరం వచ్చిన చెవి మేలా, రాని చెవి మేలా?"

"వీడు చెవితో వినడండీ, పలకతో వింటాడు," అన్నాడు దావీదు, తన డక్కీ మీద చిన్న దరువు వేసి.

గురువుగారు నవ్వలేదు. బ్రహ్మయ్య ఎదురుగా కూర్చుని కొత్త చరణం ఒకటి గబగబా అన్నారు. పొల్లు పోకుండా తిరిగొచ్చింది. ఇంకొకటి అన్నారు. అదీ వచ్చింది. ఆయన చూపు మాత్రం శిష్యుడి ముఖం మీద లేదు, మోకాలి మీద ఉంది. అక్కడ బ్రహ్మయ్య చూపుడువేలు తనకు తెలియకుండానే అక్షరాలు రాసుకుపోతోంది.

మూడో చరణం అంటూనే ఆ వేలు గట్టిగా పట్టుకున్నారు.

బ్రహ్మయ్య నోరు తెరిచాడు. మాట రాలేదు. పెదవులు కదిలాయి. వేలు లాక్కోబోయాడు, గురువుగారు వదల్లేదు. దావీదు దరువు ఆగిపోయింది.

"అంతా చెవిలోనే ఉందండీ," అన్నాడు బ్రహ్మయ్య. "ఎక్కడ మొదలో దొరకట్లేదు."

ఆయన పట్టు వదిలారు. వేలు మోకాలి మీద వాలింది, కదిలింది. "ఏరు పొంగిన పూట ఎదురీది వచ్చాడు, ఊరు ఊరంత ఉలికిపడి లేచింది." చరణం చెక్కుచెదరకుండా బయటికొచ్చింది. బ్రహ్మయ్య ముఖం వెలిగింది.

"విన్నారా! అక్షరమే కదండీ కాపాడింది?"

"అక్షరమేరా," అన్నారు గురువుగారు. గోడవారనున్న డక్కీ తెచ్చి అతని ఒళ్ళో పెట్టారు. "రేపు ఈ చెయ్యి దీని మీద ఉంటుంది."

బ్రహ్మయ్య తన చేతిని చూసుకున్నాడు. తర్వాత దాన్ని డక్కీ మీద ఆనించి, "ఇంకొకటి చెప్పండి," అన్నాడు.

"మరి మర్నాడు పాడాడా?" అన్నాడు చిన్నవాడు.

"ముందు నీ వేలు చాప మీద ఏం చేస్తోందో చూసుకో," అని, గింజలు తీయాల్సిన చింతపండు ఇంకా సగముండగానే, బుట్ట తీసుకుని లేచాను.