ఒక్క మాట నేర్చిన ఎద్దు

కాకి ఎగిరితే రెక్క మాడిపోయేంత కరువు పడింది మెట్టపొలాల మీద. ఆ పొలాల ఎద్దు పుల్లడు మామూలువాడు కాదు. వాడు చాలు తోలితే పాతాళంలో పాములు ఇల్లు ఖాళీ చేసేవి. వాడి జోడీ కర్రిగాడు. దూడపళ్ళు రాలిన నాటి నుంచి ఇద్దరిదీ ఒకే కాడి, ఒకే గాడి.

ఏటి అవతల గుర్రాల రేవులో గడ్డి ఉంది. బస్తాల బండ్లు లాగే పనీ ఉంది. కానీ అక్కడ నడిచేది గుర్రపు భాష. అందుకే నక్క పంతులు ఏటి ఇవతల బడి పెట్టాడు, వయసు మళ్ళిన పశువులకు భాష నేర్పి పనిలో చేరుస్తానని.

"గుర్రం ఏమన్నా 'ఇహిహీ' అనండి. 'అలాగే దొరా' అని అర్థం. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు."

ఆ ఒక్క మాటకు పుల్లడి నాలుక తిరిగేసరికి ఏటిలో మొసళ్ళకు కూడా పాఠం వచ్చేసింది.

"ఒంట్లో బాలేదనడం ఎలాగండి పంతులుగారూ?" అన్నాడు కర్రిగాడు.

"చేరకముందే రోగం మాటేంట్రా, అపశకునం."

"పోనీ, ఆగమనడం?"

"ఆగేవాడికి పనెవడిస్తాడు?"

పుల్లడు జోడీగాణ్ణి కొమ్ముతో పొడిచాడు. "ఊరుకోరా. మాటలు తర్వాత ఏరుకుందాం."

పని దొరికింది, గడ్డీ దొరికింది. కొన్నాళ్ళకు కర్రిగాడికి జ్వరం తగిలింది. రేవు గట్టు ఎక్కుతుంటే వాడు అడుగడుక్కీ తూలాడు.

"అన్నా, నావల్ల కాదు. ఆగమని చెప్పు."

మేస్త్రీ గుర్రం వచ్చి, కర్రిగాణ్ణి వాసన చూసి ఏదో అన్నాడు. పుల్లడికి ముక్క తెలియలేదు. వాడి దగ్గరున్నది ఒకటే మాట. దాంట్లోనే ఏడుపంతా కలిపి "ఇహిహీ" అన్నాడు. మేస్త్రీ మళ్ళీ ఏదో అన్నాడు. పుల్లడు ఇంకా దీనంగా "ఇహిహీ" అన్నాడు.

మేస్త్రీ తల ఊపి పక్కకు తప్పుకున్నాడు. బండి గట్టెక్కేలోగా కాడి ఒక పక్కకు ఒరిగింది. కర్రిగాడు మళ్ళీ లేవలేదు.

రెండు భాషలూ తెలిసిన గాడిద గంగులు పక్కన నిలబడి ఉన్నాడు.

"మేస్త్రీ ఏమన్నాడయ్యా?" అని అడిగాడు పుల్లడు.

గంగులు నసిగాడు. "నీ జోడీకి ఒంట్లో బాగున్నట్టు లేదు, లాగగలడా అన్నాడు. అలాగే అన్నావు. కాడి విప్పకుండా ఇలాగే పోతారా అని మళ్ళీ అడిగాడు బాబూ. దానికీ అలాగే అన్నావు."

పుల్లడు ఏరు దాటి బడి ముందుకొచ్చాడు. లోపల డొక్కలెండిన గేదెలు పాఠం వింటున్నాయి.

"ఇంకో మాట ఎందుకు నేర్పలేదండీ?"

"పనిలో చేర్చిన ప్రతి పశువుకీ రేవువాళ్ళు నాకో కోడినిస్తార్రా," అన్నాడు నక్క, మీసం తుడుచుకుంటూ. "మాటకో కోడి ఇవ్వరుగా."

"అమ్మా, వద్దనడం నేర్పమనండి," అన్నాడు పుల్లడు గేదెలతో. అవి వాడివైపు ఒకసారి చూసి, పంతులువైపు తిరిగాయి.

పుల్లడు వెనక్కి మళ్ళాడు. రేవుదారిలో వాడు ఇప్పటికీ ఒక పక్కకే నడుస్తాడు, రెండో ఎద్దుకు చోటు వదిలి.

కాదనడం నేర్పని చదువు మెడకు ఇంకో కాడి.