చుక్కక్క గొంతు

ఈ సంగతి నాకు మొదట చెప్పినవాడు మద్దెల నరసోజి. వాని మద్దెల తాళానికి రవ్వంత వెనకబడేది గానీ, నోట అబద్ధం రాదు. ఆ పొద్దు తెర వెనక వాడు ఉన్నాడు. నేను లేను. హార్మోనియం పెట్టె విషయంగా నాకూ తిప్పోజి గురువుకూ అప్పటికి ఎనిమిది నెలలుగా మాటల్లేవు. తప్పు ఆయనదే. అయినా ఆయన విద్యను నేను కాదనను.

తోలుబొమ్మలాటలో తిప్పోజి మా అందరికీ గురువు. అంబూబాయి ఆయన కడగొట్టు శిష్యురాలు. వరసకు మనవరాలు. ఆరేండ్ల పిల్లప్పటి నుంచి తెర వెనక నిలబడి ఆడబొమ్మలకు గొంతు ఇచ్చేది.

మా ఆటలో కథ నడుమ నవ్వించేదానికి ఇద్దరు వస్తారు. గుండప్ప, వాని పెండ్లాం చుక్కక్క. వేరే జట్లవాళ్ళు వేరే పేర్లు పెట్టుకున్నారు, అది వాళ్ళ ఇష్టం. గుండప్ప గొంతు తిప్పోజిది. చుక్కక్క గొంతు అంబూది. బొమ్మలు రెంటినీ ఆడించేది మాత్రం ఆయనే. చుక్కక్క మొగుణ్ణి తిట్టేది మొదలుపెడితే ముసలోళ్ళు కూడా కండువా నోట్లో కుక్కుకుని నవ్వేవాళ్ళు.

మా ఊరి బడి ఏడో తరగతితో సరి. అంబూను టౌనులో హైస్కూల్లో ఎనిమిదిలో చేర్చినారు. పొద్దున ఏడు గంటల బస్సుకు పోయి, సాయంత్రం ఐదింటి బస్సుకు వచ్చేది.

మొదటి రోజు క్లాసులోకి పోయి, "నేను యాడ కూచునేది?" అని అడిగింది.

ముందు బెంచీలో శోభారాణి అనే పిల్ల ఉంది. వాళ్ళు కోస్తా నుంచి వచ్చి రైస్ మిల్లు పెట్టుకున్నోళ్ళు. ఆ పిల్ల అదే మాటను సాగదీసి, "యా...డ కూచునేది?" అన్నింది. క్లాసంతా నవ్వింది. నవ్వినోళ్ళలో ముప్పాతిక మంది ఇంట్లో 'యాడ' అనేవాళ్ళే. ఆ రోజు మాత్రం ఎవురికీ జ్ఞాపకం రాలేదు.

అప్పటి నుంచి ఆ పిల్లకు పేరు అదే. "ఏయ్ యాడా, ఇటు రా." "యాడా, చాక్‌పీస్ తీసుకురా."

మధ్యాహ్నం సైకిల్ షెడ్డు పక్కన అరుగు మీద శోభారాణి, ఇంకో నలుగురు చుట్టుకుని కూచుని క్యారియర్లు విప్పేవాళ్ళు. ఒకరి కూర ఒకరికి వడ్డించుకునేవాళ్ళు. అంబూ నెల రోజులు గోడ వైపు తిరిగి ఒక్కతే తిన్నింది.

ఒక రోజు లెక్కల సారు క్లాసులో లేని సమయాన అంబూ తల వంచుకుని, "లాస్ట్ బెంచీ! ఏంటా గుసగుసలు?" అన్నింది. సారు గొంతే. గొంతులో ఆ జలుబు కూడా అదే. నలభై మంది లేచి నిలబడినారు. తర్వాత చూస్తే సారు లేడు.

ఆ మధ్యాహ్నం అరుగు మీద శోభారాణి పక్కకు జరిగింది. "రా, ఇక్కడ కూర్చో. హిందీ మేడం వస్తుందా నీకు?"

వచ్చింది. డ్రిల్లు సారు వచ్చినాడు. గంట కొట్టే అటెండరు వచ్చినాడు. రోజుకొక గొంతు. ఆ పిల్లకు అదేం కష్టం? ఎనిమిదేండ్లుగా చేస్తున్న పనే.

అంబూబాయి అంబిక అయింది. 'యాడ' పోయి 'ఎక్కడ' వచ్చింది. నవ్వు కూడా శోభారాణిదే, చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేది. మీ నాన్న ఏం చేస్తాడని వాళ్ళు అడిగితే, బట్టల కొట్టు అని చెప్పింది.

సాయంత్రాలు తిప్పోజి దగ్గర సాధన మాత్రం మానలేదు. ఒక సాయంత్రం ఆయన గుండప్పను ఆడిస్తా, "ఒసే చుక్కీ!" అన్నాడు.

"ఎక్కడికి వెళ్ళారండీ ఇంతసేపు?" అన్నింది చుక్కక్క.

తిప్పోజి బొమ్మను దించినాడు.

"ఇదెవురమ్మీ?"

"చుక్కక్కే గదా తాతా."

"ఈయమ్మను నేనెప్పుడూ చూడలేదే."

అంతే. బొమ్మను తీగకు తగిలించి బీడీ ముట్టించుకున్నాడు. ఆ పొద్దుకు సాధన లేదు.

మరుసటి నెల హైస్కూలు వార్షికోత్సవానికి తోలుబొమ్మలాట పెట్టించాలని హెడ్మాస్టరుకు బుద్ధి పుట్టింది. చుట్టుపక్కల ఉన్న జట్టు మాదే. తిప్పోజికి కబురొచ్చింది.

అంబూ ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి కూడా పోకుండా గురువు దగ్గరికి వచ్చింది. నరసోజి మద్దెల బిగిస్తా అక్కడే ఉన్నాడు.

"తాతా, మా స్కూలుకు వస్తాండావా?"

"పిలిచినారు. పోవాల గదా."

పిల్ల కింద చూపు చూస్తా నిలబడింది. "నువ్వు రా తాతా. ఆడు. నేను తెర ముందర మావాళ్ళతో కూచుంటా. నేనెవురో నీకు తెలీదు. అట్లుండు."

నరసోజి మద్దెల పక్కన పెట్టి లేచినాడు. "ఏందమ్మీ, ఏం మాట్లాడతాండావ్? గురువును తెలీదంటావా? అన్నం తినే నోరేనా అది?"

"నువ్వు ఉండు నరసోజీ" అన్నాడు తిప్పోజి. తర్వాత ఆ పిల్లను అడిగినాడు. "వాళ్ళకు తెలిస్తే ఏమైతాది?"

"మళ్ళీ గోడకాడ ఒక్కదాన్నే తినాల." ఏడవలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. "నెల రోజులు తిన్నా తాతా. ఇంక నా చేత కాదు. బడన్నా మానేస్తా."

తిప్పోజి చేతిలో బీడీ ఆర్పేసినాడు.

"చుక్కక్కకు ఎవురు మరి?"

"ఎవురో ఒకరు."

"సరే" అన్నాడాయన. "నువ్వెవురో నాకు తెలీదు. అట్లనే కానీ."

వార్షికోత్సవం నాడు మధ్యాహ్నం స్కూలు హాల్లో కిటికీలకు దుప్పట్లు కట్టి చీకటి చేసినారు. తెల్లపంచె కట్టి, వెనక బల్బు పెట్టినారు. గుమ్మం దగ్గర తిప్పోజికి అంబూ ఎదురుపడింది. పక్కన ఆ నలుగురూ, శోభారాణీ.

తిప్పోజి ఆ పిల్లను చూసి, దారి ఇచ్చి పక్కకు నిలబడినాడు. కొత్త మనిషికి ఇచ్చినట్టే ఇచ్చినాడు. కంట్లో చిన్న మెరుపు కూడా లేదంట. నరసోజి అయితే మొహం తిప్పుకున్నాడు.

ఆట మొదలైంది. గుండప్ప ఎగురుకుంటా వచ్చి, "ఒసే చుక్కీ! ఆకలి! అన్నం పెట్టవే!" అన్నాడు.

చుక్కక్క వచ్చింది. నడుమున చెయ్యి పెట్టింది. రెండు చేతులూ తిప్పి తిప్పి మొగుణ్ణి తిడతా ఉంది. గొంతు లేదు. నరసోజికి ఏం చేయాలో తోచక తాళం తప్పింది. అంతకు ముందు ఎప్పుడూ తప్పనట్టు చెప్పినాడు నాతో.

గుండప్ప చెవి దగ్గర చెయ్యి పెట్టినాడు. "ఏమీ? మళ్ళీ చెప్పు. ఆఁ? మా అమ్మనా? అంత మాట అంటావా?" చుక్కక్క ఇంకా చేతులు తిప్పింది. గుండప్ప పిల్లకాయల వైపు తిరిగినాడు. "అయ్యా, నా పెండ్లాం నోరు పడిపోయిందప్పా! మీ ఊర్లో డాక్టరు ఉంటే పిలవండి. తొందరేం లేదు, నిదానంగా రమ్మనండి!"

హాలు ఊగిపోయింది. గొంతు లేకపోయేది కూడా ఆటలో భాగమే అనుకున్నారు అందరూ. అంబూ కూడా నవ్వింది. గండం గడిచిందనుకునింది.

అప్పుడు శోభారాణే మోచేత్తో పొడిచింది. "అంబికా, నువ్వు పలుకు! నీకు అన్ని గొంతులూ వస్తాయిగా!"

పక్కనున్న నలుగురూ అందుకున్నారు. "అంబికా! అంబికా!" వెనక బెంచీలూ అందుకున్నాయి. ముందు కుర్చీలో హెడ్మాస్టరు వెనక్కు తిరిగి, కానీమ్మా అని చెయ్యి ఊపినాడు.

అంబూ లేచింది. లేచి, లెక్కల సారు గొంతుతో, "గుండప్పా! హోమ్‌వర్కు చేశావా?" అన్నింది.

కప్పు ఎగిరిపోయేటట్టు నవ్వినారు. లెక్కల సారు కూడా నవ్వినాడు పాపం.

తెర మీద గుండప్ప పెండ్లాన్ని పైకీ కిందికీ చూసినాడు. "ఇదేందే? ఇంట్లో మీ అన్న గాని ఉన్నాడా?"

అంబూ హిందీ మేడం గొంతు పెట్టింది.

"ఈయమ్మ బాగా సదువుకున్నట్టుండాది. మా ఇంట్లో ఇట్లాంటోళ్ళు లేరప్పా" అన్నాడు గుండప్ప.

పిల్లకాయలు ఇంకా ఇంకా అన్నారు. అంబూ శోభారాణి గొంతుతో, "ఎక్కడికి వెళ్ళారండీ ఇంతసేపు?" అన్నింది.

ఈసారి గుండప్ప నవ్వించలేదు. మెల్లగా అన్నాడు. "ఇది కూడా ఎవురిదో తెచ్చినావు తల్లీ. వాళ్ళది వాళ్ళకు ఇచ్చేసి రా. ఇక్కడే ఉంటాలే."

అని, బొమ్మలు రెండూ కదలకుండా నిలబడినాయి.

గుండప్ప మాట్లాడలేదు. మద్దెల లేదు. హాల్లో నవ్వు తగ్గి, గుసగుసలు తగ్గి, దగ్గు కూడా వినపడేంత నిశ్శబ్దం అయింది. నరసోజి గురువు చెవిలో, "కథలోకి పోదాం" అన్నాడు. తిప్పోజి తల అడ్డంగా తిప్పినాడు.

ఆయనకు అప్పటికి డెబ్బై దాటినాయి. ఆడినంతసేపూ చెయ్యి వణకదు. ఊరికే పట్టుకుని నిలబడితే వణుకుతాది. చుక్కక్క నీడ తెర మీద సన్నగా వణికింది.

ఇది నరసోజి చెప్పింది కాదు. చానా ఏండ్లకు అంబూనే నాకు చెప్పింది. "హాలంతా బొమ్మ వణుకుతాందని చూసినారు. అది తాత చెయ్యని నాకు ఒక్కదానికే తెలుసు" అని.

అప్పుడు పలికింది.

"యాడ చచ్చినావ్ రా మొగోడా ఇంతసేపు! పొయ్యిలో పిల్లి లేయకముందే పోయినోడివి, కడుపు కాలినాక పెండ్లాం జ్ఞాపకం వచ్చిందా?"

కడుపులోంచి వచ్చింది ఆ గొంతు. 'యాడ' అన్నప్పుడు చుక్కక్క చెయ్యి పైకి లేచింది. 'మొగోడా' అన్నప్పుడు నడుము మీదికి వచ్చింది. మాట తెరకు ఇవతల, చెయ్యి తెరకు అవతల. వెంట్రుకవాసి తేడా లేదు. అట్లా పలకాలంటే ఒక పొద్దు రెండు పొద్దుల పని కాదు. పని తెలిసినోళ్ళకే కాదు, చూసేవాళ్ళకూ అర్థమైతాది.

"వచ్చిందిరా దేవుడా!" అని గుండప్ప నెత్తి పట్టుకున్నాడు. "డాక్టరును వద్దని చెప్పండి!"

మొదట నవ్వినారు. తర్వాత తెరను చూసి, పిల్లను చూసి, మళ్ళీ తెరను చూసినారు. అంబూ కూచోలేదు. గుండప్ప అన్నం తిని పోయేదాకా నిలబడే పలికింది.

ఆట అయిపోయినాక కిటికీల దుప్పట్లు తీసినారు. హెడ్మాస్టరు తెర వెనకకు వచ్చినాడు. ఆయన వెనక శోభారాణి, ఆ నలుగురు. వాళ్ళకంటే ముందే అంబూ వచ్చి ఒక పక్కన నిలబడి ఉంది.

"తిప్పోజిరావుగారూ, ఈ అమ్మాయి మీ జట్టులో మనిషేనా?"

తిప్పోజి బొమ్మలు మడతపెడతా ఉన్నాడు. తల ఎత్తలేదు. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంది ఆయన దగ్గర.

"ఆ అమ్మినే అడగండి సార్."

అందరూ అంబూ వైపు తిరిగినారు.

"మీ నాన్నది బట్టల కొట్టు అన్నావు?" అన్నింది శోభారాణి.

అంబూ గురువు పక్కన కింద కూచునింది. ఆయన చేతిలోంచి చుక్కక్కను తీసుకుని, చేతులు రెండూ సర్ది, గుడ్డలో పెట్టింది.

"అబద్ధం చెప్పినా" అన్నింది. "మాది బొమ్మలాట. ఈయన మా తాత."

తిప్పోజి ఇంకో బొమ్మ అందించినాడు.

ఆ తర్వాత వారం రోజులు ఆ పిల్ల ఒక్కతే తిన్నింది. వారం అయినాక ఆ నలుగురిలో ఖమరున్నీసా అనే పిల్ల వచ్చి పక్కన కూచునింది. శోభారాణి మాత్రం పెద్ద పరీక్షలయ్యేదాకా మాట్లాడలేదు. పట్టుకుంటే వదలని రకం. అట్లాంటోళ్ళు నాకు అర్థమైతారు.

ఇప్పుడు నేను ఇది రాయించేదానికి కారణం ఉంది. ఆ హైస్కూలువాళ్ళు యాభై ఏండ్ల పండగ చేసి పుస్తకం ఒకటి వేసినారు. నాకు సంతకం వరకే వచ్చు. నా మనవరాలు చదివి వినిపించింది. అందులో ఏమి రాసినారంటే, తిప్పోజి స్టేజీ ఎక్కి, ఆ పిల్లను దగ్గరకు తీసుకుని, ఈమె నా మనవరాలు అని అందరికీ చూపించి, కులవిద్యను దాచుకోరాదని అరగంట ఉపన్యాసం ఇచ్చినాడంట. పిల్లకాయలంతా కన్నీళ్ళు పెట్టుకున్నారంట.

తిప్పోజి జన్మలో అరగంట మాట్లాడలేదు. స్టేజీ ఎక్కలేదు. ఆ పిల్లను ఎవురికీ చూపించలేదు. చూపించింటే ఈ కథే లేదు.

ఆ పుస్తకం వేసినవాళ్ళు ఎవురైనా ఇది చదివితే, నేను అడిగేది ఒకటే. ఆ ఉపన్యాసం మొత్తం కొట్టేయండి. ఆయన అన్న మాట ఒక్కటే, అది వేయండి. ఆ అమ్మినే అడగండి అన్నాడు. అంతకు మించి ఒక్క అక్షరం కూడా అనలేదు.