దండం పెట్టని మబ్బు

వాన తప్ప తక్కినవన్నీ తన మాట వినే రాజ్యాన్ని ఒకప్పుడు ధవళకీర్తి మహారాజు ఏలేవాడు. ఆయన చెడ్డవాడేం కాడు. కాకపోతే ఎవరైనా పొగిడితే చాలు, చెయ్యి దానంతటదే మీసం మీదికి వెళ్లేది.

ఒకసారి పొరుగు రాజు విందుకి వచ్చి, తాంబూలం నములుతూ నవ్వాడు. "బావగారూ, వాన ఎందుకు కురుస్తుందని అడిగితే మీ రాజ్యంలో ఊరికో కథ చెబుతున్నారే! ఒక్క మాట మీద నిలబడటం మీ జనానికి నేర్పలేదా?"

ఆ మాట మహారాజుకి ముల్లులా గుచ్చుకుంది. ఆస్థాన పండితుడు విరూపాక్ష ఘనపాఠిని పిలిపించాడు. "రాజ్యమంతటికీ ఒకే వాన కథ కావాలి. మా ప్రతిష్ఠకి తగ్గట్టుండాలి" అన్నాడు.

ఘనపాఠి బారెడేసి సమాసాలతో కథ కట్టి, పౌర్ణమి సభలో రాగం తీసి చదివాడు. సభలో ఎవరికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. మహారాజుకీ కాలేదు. ఆ సంగతి ఒప్పుకుంటే పరువు తక్కువ కనుక "భేష్!" అని పండితుడి చేతికి బంగారు కడియం తొడిగాడు. అమావాస్యనాడు దండోరా వేయించాలనీ, ఆపైన వేరే వాన కథ చెప్పినవాళ్లు రాజ్యం విడిచి పోవాలనీ నిర్ణయమైంది.

ఈ వార్త విని అందరికంటే ఎక్కువ బెంగపడింది నాంచారమ్మ. అంతఃపురంలో కథలు చెప్పే ముసలమ్మ ఆవిడ. మహారాజుని ఉయ్యాలలో ఉన్ననాటి నుంచీ ఎరుగును. పెద్ద మహారాణికి కావ్యాలు చదివి వినిపించిన మనిషి కనుక, పౌర్ణమినాడు తెర చాటున కూర్చుని విన్న ఘనపాఠి కథ ఆమెకి ఒక్కదానికే అర్థమైంది.

ఈమధ్య ఆమెకి మతిమరుపు మొదలైంది. వక్క చేతిలో పెట్టుకుని వక్క కోసం వెతుక్కునేది. వక్క పోతే పోయింది. కథలు జారిపోతుంటేనే భయపడేది. పడవవాళ్ల కథలో ముక్క జారిపోతే రేవుకి వెళ్లి అడిగేది. కాపరుల కథలో అయితే మందల దగ్గరికి వెళ్లేది. వాళ్ల నోట వినగానే పోయిందంతా తిరిగొచ్చేది. ఇప్పుడు ఆ నోళ్లన్నీ మూయిస్తే, తను మరిచిపోయింది ఇక లోకంలోనే ఉండదు.

"నా తల చిల్లు కుండ అయింది, సరే. అందుకని ఊళ్లో కుండలన్నీ పగలగొట్టిస్తాడా వీడు?" అనుకుంది.

అమావాస్య వచ్చింది. డప్పు భుజాన వేసుకుని దండోరా పోచయ్య సభ గుమ్మంలో సిద్ధంగా నిలబడ్డాడు. అతన్ని పక్కకి జరిపి, కర్ర టకటకలాడించుకుంటూ నాంచారమ్మ లోపలికొచ్చింది.

"ఏం అవ్వా, దారి తప్పావా? అంతఃపురం అటు" అన్నాడు మహారాజు. సభ నవ్వింది.

"దారి బాగానే ఉంది మహారాజా, మతే తప్పింది. వాన కథలు గుర్తున్నాయి కానీ ఏది ఎవరిదో మరిచిపోయాను. దండోరా పడేలోగా ఎవరివి వాళ్లకి అప్పగించేసి కాశీకి పోదామనుకుంటున్నా. తమరి తెలివికి తిరుగులేదంటారు. కాస్త పోల్చి పెట్టండి."

మహారాజు చెయ్యి మీసం మీదికి వెళ్లింది. "చెప్పు, చూద్దాం."

"ఆకాశంలో ఒకామెకి నల్లని మంద ఉందట. పొద్దుగూకే వేళ చూసుకుంటే ఒక పిల్ల తక్కువ. తక్కినవన్నీ ఉన్నాయి కదా అంటే వినలేదట. కేకలేసుకుంటూ కొండలన్నీ తిరిగింది, అదే ఉరుము. పిల్ల దొరకగానే తల్లిగొర్రె చేపుకొచ్చి పాలు ధారకట్టాయట. అదే వాన."

"గొర్రెల కాపరులు! ఇదీ ఒక ప్రశ్నేనా?"

"మరి వాళ్లకి దేనిమీద ప్రాణం?"

"తప్పిపోయినదాని మీద. మందంతా కళ్లెదుట ఉన్నా, ఒక్కటి లేకపోతే వాళ్లకి ముద్ద దిగదు."

"భలే! ఇంకొకటి వినండి. సముద్రమ్మ తన వేట వాటాలు వేస్తుందట. వేటకి రాలేని కొండకో వాటా, దిక్కులేని మెట్టచేనుకో వాటా. ఉప్పు మాత్రం ఎవరికీ పెట్టదు. నా కన్నీళ్లు నావి, మీకెందుకూ అంటుందట. అందుకే వాన చప్పగా ఉంటుంది."

"పడవవాళ్లు. ముందు దిక్కులేని ఇంటికి చేప పంపాకే తమ వాటా తీసుకుంటారు" అన్నాడు మహారాజు ఉత్సాహంగా. "ఊఁ, తర్వాత?"

"తర్వాతది... దేవుడు ఆకాశంలో మగ్గం నేస్తుంటాడు. ఉరుము మగ్గం చప్పుడు, వాన పోగులు. నేస్తుండగా ఒక పోగు... ఆ పోగు..."

నాంచారమ్మ ఆగిపోయింది. ఇది ఆమె వేసుకొచ్చిన ఎత్తు కాదు. కథ నిజంగానే జారిపోయింది.

"చెప్పేవాళ్లకే గుర్తులేని కథలు పోతేనేం?" అని ఘనపాఠి ముసిముసిగా నవ్వాడు.

"తెగుతుంది అవ్వా" అన్నాడు మహారాజు మెల్లగా. "పోగు తెగుతుంది. దేవుడు విసుక్కోడు. వంగి, రెండు కొసలూ కలిపి ముడి వేస్తాడు. ఆ ముడే మెరుపు. నేతగాళ్లది ఈ కథ. తెగినదాన్ని వాళ్లు పారేయరు." చెప్పేసి తనే ఆశ్చర్యపోయాడు.

నాంచారమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుని గొంతు సవరించుకుంది.

"ఇక ఆఖరిది. ఒక దేవుడు ఎత్తైన గద్దె మీద కూర్చుని ఉంటాడట. మబ్బులు వరుసలో వచ్చి వంగి దండం పెట్టాలి. బాగా వంగినదానికే కురిసే అనుమతి. పొగిడినదానికి ఇంకో కుండ నీళ్లు."

ఘనపాఠికి దగ్గు మొదలైంది.

"పండితులవారికి మంచినీళ్లు ఇవ్వండి. ఒక చిన్న మబ్బు, కింద పైరు ఎండిపోతోందని, దండం పెట్టకుండానే కురిసేసిందట. దేవుడు దాని కాళ్లు విరగ్గొట్టించాడు. అందుకే కొన్ని మబ్బులు కుంటుకుంటూ పోతాయట."

"మహాప్రభూ, ఈ ముసలమ్మ..." అని ఘనపాఠి లేవబోయాడు.

"ఉండవయ్యా! నేను ఆలోచిస్తుంటే మధ్యలో నువ్వేమిటి?" అని కసిరాడు మహారాజు. "ఛీ, ఇదేం దేవుడు అవ్వా! ఇలాంటి కథ మన రాజ్యంలోది కాదు."

"వీళ్లకి దేనిమీద ప్రాణం మహారాజా?"

"దేనిమీదా లేదు. వీళ్లకి ఉన్నదల్లా ప్రాణభయం. ఎవడో మూర్ఖుడి ఏలుబడిలో నలిగిపోయినవాళ్లు, పాపం. ఎక్కడ విన్నావు దీన్ని?"

"ఇక్కడే. మొన్న పౌర్ణమికి పండితులవారు రాగం తీసి చదివారు. తమరు తలూపి కడియం తొడిగారు. నేను సమాసాలు విప్పి చెప్పాను, అంతే."

ఘనపాఠి కడియం ఉన్న చేతిని ఉత్తరీయం కింద దాచుకున్నాడు. మహారాజు చెయ్యి మీసం దాకా వెళ్లి, అక్కడేం చేయాలో తెలియక కిందికి దిగింది.

అప్పుడు ఆయన పొట్ట కదలడం మొదలైంది. తర్వాత భుజాలు. ఆపైన సభ అదిరేలా నవ్వాడు.

"నన్ను నేనే మూర్ఖుడినని తీర్పు చెప్పుకున్నాను కదయ్యా! పండితుడా, కడియం ఉంచుకో. ఆ చిన్న మబ్బు కాళ్లు బాగుచేసి కథ మళ్లీ కట్టు. ఈసారి నాకు అర్థమయ్యేట్టు!"

"మరి నన్నేం దండోరా వేయమంటారు దొరా?" అని గుమ్మంలోంచి అడిగాడు పోచయ్య.

"తొలకరి పడిన రోజున ఎవరి వాన కథ వాళ్లు కోటకి వచ్చి చెప్పాలని వెయ్యి. అందరితోపాటు నేనూ చాప మీద కూర్చుని వింటాను. విన్నవాళ్లందరూ గుర్తుపెట్టుకోవాలని కూడా వెయ్యి!"

మహారాజు మెడలోని ముత్యాల హారం తీసి నాంచారమ్మ చేతిలో పెట్టాడు. వంగి మెల్లగా అడిగాడు. "నిజం చెప్పు అవ్వా. మరిచిపోయావా, నన్ను ఆటపట్టించావా?"

"ఏది ఎవరిదో బాగానే గుర్తుంది నాయనా. ఆ ముడి ఒక్కటే నిజంగా పోయింది. చిన్నప్పుడు నీకు జ్వరమొచ్చిన రోజుల్లో ఆ కథ చెప్పి, దాన్ని నీ దగ్గర దాచానని కూడా మరిచిపోయాను."

అని, నవ్వుకుంటూ కర్ర పట్టుకుని వెళ్లిపోయింది. ఆమె గుమ్మం దాటాక చూస్తే హారం గద్దె మెట్టు మీదే ఉంది. మహారాజు పగలబడి నవ్వుతూ, దాన్ని పట్టుకుని "అవ్వా! అవ్వా!" అంటూ ఆమె వెనక పరుగెత్తాడు.