కెమెరా పక్కన నిలబడిన నటి

సినిమాలన్నీ మద్రాసులో తయారయ్యే రోజుల్లో కోడంబాకంలో స్వయంప్రభ అనే నటి ఉండేది; ఆమె ఎంత చక్కగా నటించేదో, తన పని అయ్యాక పక్కవారి కోసం ఒక్క నిమిషం ఆగడానికి అంత విసుక్కునేది.

సినిమాలో ఇద్దరు మాట్లాడుకునే సన్నివేశాన్ని చాలావరకు విడివిడిగా తీస్తారు. ముందు ఒకరి ముఖం మీద కెమెరా పెడతారు. రెండోవారు కెమెరా పక్కన నిలబడి తమ మాటలు చెబుతారు. తరువాత కెమెరా ఇటు తిరుగుతుంది, ఈసారి మొదటివారు నిలబడాలి. అలా నిలబడినవారు తెరమీద కనిపించరు, వారికి చప్పట్లూ రావు. అయినా ఎదుట మనిషి ఉంటేనే నటించేవారి కళ్ళలోకి ప్రాణం వస్తుంది.

స్వయంప్రభ మాత్రం తన ముఖం తీయడం కాగానే వెళ్ళి కారులో కూర్చునేది. ఆమె మాటలను సహాయ దర్శకుడెవరో కాగితం చూసి చదివేవాడు.

ఆమెకు తల్లిగా ఎక్కువ సినిమాల్లో వేసింది సీతారావమ్మ. తెనాలి నాటకాల నుంచి వచ్చిన మనిషి. ఒకసారి ఆవిడ మెల్లగా అడిగింది.

"ప్రభా, నా షాటు ఒక్కటే మిగిలింది. కాస్త ఎదురుగా నిలబడతావా అమ్మా?"

"మీకు ఇంత అనుభవం ఉంది కదా సీతారావమ్మ గారూ. గోడను చూసి చెప్పేయండి," అని స్వయంప్రభ వెళ్ళిపోయింది.

సీతారావమ్మ మళ్ళీ ఎన్నడూ అడగలేదు.

ఆ రోజుల వైభవం వేరు. తిరుపతి యాత్రకు వచ్చిన బస్సులు అటు నుంచి అటే మద్రాసు వచ్చేవి. జనం స్టూడియో గేట్ల ముందు ఎండలో నిలబడి తారల కోసం ఎదురుచూసేవారు. స్వయంప్రభ కారు అద్దం దించి చెయ్యి ఊపితే, ఊరికి తిరిగి వెళ్ళాక కూడా ఆ మాటే చెప్పుకునేవారు. ఒక సినిమాలో, తల్లిని వదిలి రైలెక్కే కూతురిగా ఆమె ఏడ్చిన తీరు చూసి హాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారు. ఆ సన్నివేశానికే ఆమెకు అవార్డు వచ్చింది.

పేరు బాగా ఉన్నప్పుడే ఆమె నెల్లూరు వ్యాపారి ఒకాయనను పెళ్ళి చేసుకుని సినిమాలు మానేసింది. సినిమా పరిశ్రమ మెల్లగా హైదరాబాదుకు తరలిపోయింది. ఏళ్ళు గడిచాయి. భర్త కాలం చేశాడు. ఒక్క కూతురు, పుణెలో ఉద్యోగం.

ఒకసారి బెజవాడలో ఎవరిదో పెళ్ళికి వెళితే, ఒక అమ్మాయి ఆమెనే చూస్తూ, "ఆంటీ, మీరు బ్యాంకులో చేసేవారా? ఎక్కడో చూసినట్టుంది," అంది. పక్కనున్న తల్లి సిగ్గుపడి, "కాదే, ఆవిడ ఒకప్పుడు సినిమాల్లో చేసేది," అని చెప్పింది.

ఒకప్పుడు అనే ఆ మాట స్వయంప్రభ మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆరోగ్యం బాగుంది, గొంతు బాగుంది, నటించాలనే ఆకలి చచ్చిపోలేదు. ఆమె నెల్లూరు ఇంటికి తాళం వేసి హైదరాబాదు వచ్చి ఒక చిన్న ఫ్లాట్‌లో దిగింది.

సినిమా ఆఫీసుల్లో అందరూ లేచి నిలబడి నమస్కారం పెట్టేవారు. కాఫీ ఇచ్చేవారు. "కబురు చేస్తాం అమ్మా," అనేవారు. కబురు మాత్రం వచ్చేది కాదు. చివరకు ఒక టీవీ సీరియల్‌లో నాయనమ్మ వేషం దొరికింది. మనవరాలిగా రిషిత అనే కొత్త అమ్మాయి. ఆ పిల్లే కథానాయిక.

నగరం చివర ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుని షూటింగ్ చేసేవారు. మొదటి రోజు రిషిత తన షాటు అయిపోగానే ఫోన్ చూసుకుంటూ మేడమీదికి వెళ్ళిపోయింది. కెమెరా స్వయంప్రభ వైపు తిరిగింది. ఎదురుగా ఎవరూ లేరు. ఒక స్టాండుకు చిన్న టేపు ముక్క అంటించి, "అమ్మా, మనవరాలు ఇక్కడ ఉందనుకోండి," అన్నారు. సహాయ దర్శకుడు ఆవులిస్తూ రిషిత మాటలు చదివాడు. స్వయంప్రభ టేపు ముక్కను చూసి, "బంగారు తల్లీ," అంది. పాఠం అప్పజెప్పినట్టు వచ్చింది.

రోజూ అదే తంతు. దర్శకుడు భార్గవ మర్యాదస్తుడు. "మీ పాత సినిమాల్లో చేసేవారే, అలా చేయండమ్మా," అనేవాడు. ఒకరోజు అతనితో ప్రొడక్షన్ మేనేజర్ అంటున్న మాట గుమ్మం అవతలి నుంచి ఆమె చెవిన పడింది.

"పేరు చూసి తీసుకున్నాం సార్. ముఖంలో ఏమీ పలకడం లేదు. నాయనమ్మ కాశీకి వెళ్ళిందని రెండు మాటల్లో చెప్పించేద్దాం."

ఆ మధ్యాహ్నం ఆమెకు అన్నం సహించలేదు. గోడను చూసి చెప్పేయండి అని తాను అన్న మాట, అన్న చోటు, అప్పుడు కట్టుకున్న చీర రంగుతో సహా గుర్తుకు వచ్చింది.

షూటింగ్ లేని రోజు చూసుకుని ఆమె తెనాలి రైలెక్కింది. గంగానమ్మపేటలో మేనకోడలి ఇంట్లో ఉంటోంది సీతారావమ్మ. ఎనభై దాటాయి. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తలెత్తి చూసింది.

"ప్రభవా? రా, కూర్చో. కాస్త ఒళ్ళు చేశావు. బాగున్నావు."

స్వయంప్రభ ఆవిడ పాదాలకు దండం పెట్టి పక్కనే కూర్చుని తానూ కాయలు అందుకుంది. ఇద్దరూ చాలాసేపు మద్రాసు గురించే మాట్లాడుకున్నారు. షాటు తీసేటప్పుడు చప్పుడని ఫ్యాన్లు ఆపేస్తే, ఆ పెద్ద దీపాల వేడికి మేకప్ కారి జాకెట్లు పాడైపోవడం, పాండీ బజారులో మల్లెపూలు, మెస్సు నుంచి క్యారియర్లలో వచ్చే వేడి సాంబారు. ఎవరెవరో పోయారని సీతారావమ్మ ఒక్కొక్క పేరే చెప్పింది.

"గోడను చూసి ఎలా చేసేవారు?" అని అడిగింది స్వయంప్రభ. "నాకు రావడం లేదు."

"గోడను చూడటమేమిటి? నిన్నే చూసేదాన్ని. నీ షాటు జరిగేటప్పుడు కెమెరా పక్కన నిలబడి నిన్ను బాగా చూసి పెట్టుకునేదాన్ని. నువ్వు వెళ్ళిపోయినా నా కళ్ళకు గోడమీద నువ్వే కనపడేదానివి."

స్వయంప్రభ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. "ఆ రైలు సీనులో మీరు ఏడ్చారు. అప్పుడు కెమెరా నా మీద కదా ఉంది. మీరెందుకు ఏడ్చారు?"

"నేను మొద్దులా నిలబడితే నీకు ఏడుపు ఎక్కడ నుంచి వస్తుందే?" అని సీతారావమ్మ నవ్వింది. "నా వంతు వచ్చేసరికి కన్నీళ్ళన్నీ అయిపోయాయి. గ్లిజరిన్ పెట్టించుకున్నాను."

"దానికే నాకు అవార్డు ఇచ్చారు."

"ఇచ్చారు. పేపర్లో నీ ఫొటో చూసి సంతోషించాను."

"మీ వంతు వచ్చినప్పుడు నేను అక్కడ లేను."

"లేవు," అంది సీతారావమ్మ. "బాధ వేసింది. అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ అప్పుడు నువ్వు చిన్నపిల్లవు. ఇలా నిలబడాలి అని నీకు ఎవరూ చెప్పలేదు. నేనైనా చెప్పాల్సింది. పెద్ద హీరోయిన్‌వి, ఏమనుకుంటావోనని ఊరుకున్నాను."

ఆవిడ భోజనం పెట్టిగాని పంపలేదు.

మరునాటి నుంచి స్వయంప్రభ రిషిత షాటు జరుగుతున్నంతసేపూ కెమెరా పక్కన నిలబడి ఆ పిల్లనే గమనించేది. బెదురుగా ఉండే ఆ కళ్ళు, మాట మరిచిపోతే పెదవి కొరుక్కోవడం, అన్నీ మనసులో పెట్టుకునేది. తన వంతు వచ్చినప్పుడు టేపు ముక్క స్థానంలో ఆ ముఖమే కనిపించేది. "బంగారు తల్లీ" అన్న మాట ఇప్పుడు గుండెలోంచి వచ్చింది. నాయనమ్మ కాశీ ప్రయాణం ఆగిపోయింది.

కొన్నాళ్ళకు ఒక పెద్ద సినిమా ఆఫీసు నుంచి కబురు వచ్చింది. కథానాయకుడి తల్లి వేషం. "ఈ సాయంత్రం దర్శకుడు గారు విదేశాలకు వెళుతున్నారు. ఐదింటికల్లా వచ్చి కలవండి. ఇక మాట ఖాయం చేసుకోవడమే," అన్నారు. ఇన్నేళ్ళుగా స్వయంప్రభ ఎదురుచూసిన పిలుపు అది.

ఆ రోజే సీరియల్‌లో ముఖ్యమైన సన్నివేశం. చనిపోయిందనుకున్న తల్లి బతికే ఉందని, ఆ సంగతి నాయనమ్మే దాచిపెట్టిందని తెలిసి మనవరాలు నిలదీస్తుంది. భార్గవ స్వయంప్రభ షాట్లన్నీ ముందే తీసేసి, "మీరు బయలుదేరండమ్మా. రిషిత క్లోజప్‌కి మావాళ్ళు చూసుకుంటారు," అన్నాడు.

ఆమె చీర మార్చుకుని గుమ్మం దాకా వచ్చింది. లోపల కెమెరా తిరుగుతోంది. రిషిత టేపు ముక్కను చూసి, "ఎందుకు దాచావు నాయనమ్మా?" అంటోంది. కూరగాయల ధర అడిగినట్టు ఉంది. మళ్ళీ చేయించారు. మళ్ళీ అంతే. ఎవరో చిరాగ్గా నిట్టూర్చారు. రిషిత పెదవి కొరుక్కుంది. సాయం అడగాలని కూడా ఆ పిల్లకు తెలియదు.

స్వయంప్రభ గడియారం చూసుకుంది. కారు తలుపు తీసే ఉంది. ఆమె అక్కడే కాసేపు నిలబడి, తరువాత వెనక్కి తిరిగింది. మళ్ళీ నాయనమ్మ చీర కట్టుకుని వచ్చి, స్టాండుకున్న టేపు పీకేసి, ఆ చోటున తాను నిలబడింది.

"ఇటు చూడు తల్లీ," అంది. "నేనే దాచాను. అడుగు."

తన మాటలన్నీ మొదటి నుంచి చెప్పింది. చెబుతుంటే ఆమె కళ్ళు నిండాయి. రిషిత ఆ కళ్ళలోకి చూసింది. "ఎందుకు దాచావు నాయనమ్మా?" అన్న మాట ఈసారి సగంలోనే విరిగిపోయింది. భార్గవ కట్ చెప్పడం మరిచిపోయాడు.

అన్ని కోణాల్లో తీయడం పూర్తయ్యేసరికి పొద్దు వాలింది. స్వయంప్రభ సినిమా ఆఫీసుకు ఫోన్ చేసింది. దర్శకుడు వెళ్ళిపోయారని, ఆ వేషానికి వేరొకరిని అనుకుంటున్నారని చెప్పారు. ఆమె సరేనని ఫోన్ పెట్టేసి, మెట్ల మీద కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

రిషిత వచ్చి పక్కన కూర్చుంది.

"మేడమ్, మీకు సినిమా పిలుపు వచ్చిందటగా. నేను మీ కోసం ఒక్కసారి కూడా నిలబడలేదు. మీరెందుకు ఆగారు?"

"నేను కూడా ఒకావిడ కోసం నిలబడలేదమ్మా. ఆవిడ మాత్రం నా కోసం నిలబడింది. అది తెలుసుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది. నీకు అంత ఆలస్యం కాకూడదు."

మరునాడు స్వయంప్రభ వంతు వచ్చినప్పుడు రిషిత మేడమీదికి వెళ్ళలేదు.

ఆ సన్నివేశం టీవీలో వచ్చిన రోజు రిషిత పేరు ఊళ్ళలో మారుమోగింది. అందులో స్వయంప్రభ కనిపించింది చాలా కొద్దిసేపే. తెనాలి నుంచి ఫోన్ వచ్చింది.

"ఆ పిల్ల మనిషిని చూసి ఏడ్చింది," అంది సీతారావమ్మ. "ఎదురుగా ఉన్నది నువ్వే కదూ?"

"నేనే సీతారావమ్మ గారూ."

"అదీ సంగతి. ఇంక నిశ్చింతగా పడుకుంటాను."

రిషితకు సినిమాలో అవకాశం వచ్చింది. తల్లి వేషానికి ఎవరైతే బాగుంటుందని దర్శకుడు అడిగితే, ఆమె మరో పేరు చెప్పలేదు. అది చిన్న వేషమే. స్వయంప్రభ ఆనందంగా ఒప్పుకుంది. ఆ సెట్టులో కూడా ఆమె అందరి షాట్లకూ నిలబడింది. పనివాడి వేషం వేసిన కుర్రాడికి ఉన్నది ఒక్క మాటే. వాడికోసమూ నిలబడింది. ఆ మాట నటుల నోట ఒకరి నుంచి ఒకరికి పాకింది. "ఆవిడ ఎదురుగా ఉంటే నాకు ధైర్యం," అని కథానాయకులే అడిగి పిలిపించుకోసాగారు. ఒకటి తరువాత ఒకటి వేషాలు వచ్చాయి. పెళ్ళిళ్ళకు వెళితే పిల్లలు ఆమెను పేరుతో గుర్తుపట్టేవారు.

ఒకరోజు పెద్ద సెట్టులో ఆమెకు కష్టమైన క్లోజప్ ఉంది. ఎదుట వేసే నటుడు జ్వరంతో ఇంటికి వెళ్ళిపోయాడు. "గోడను చూసి చేస్తానులే," అని ఆమె సర్దుకుని నిలబడింది. దీపాలు వెలిగాయి. తలెత్తి చూస్తే కెమెరా పక్కన రిషిత నిలబడి ఉంది. ఆ రోజు ఆమెకు షూటింగే లేదు. కబురు తెలిసి ఊరి ఆ చివర నుంచి వచ్చింది. చేతిలో కాగితం లేదు, మాటలన్నీ నేర్చుకునే వచ్చింది.

"చెప్పండమ్మా," అంది రిషిత. "నేను ఇక్కడే ఉన్నాను."

తనకు పేరు రాని చోట కూడా పక్కవారి కోసం మనసుపెట్టి నిలబడేవారే నలుగురి మనసుల్లో నిలుస్తారు.