పొడవకముందే పచ్చబొట్టు చూపిన అద్దం

వినండి పిల్లలూ. మీ తాతల తాతలకు కూడా తాతలు పుట్టకముందు, జేగురుపట్నాన్ని రత్నకేతు అనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. రాకుమారుడికి ఇరవయ్యేళ్ళు నిండగానే కుడిచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలి. ఏ బొమ్మ అన్నది అతని ఇష్టం. అదే అతని రాజముద్ర. ప్రజలు మెచ్చితేనే సింహాసనం. కానీ ఒక్కసారి పొడిచారంటే కడిగినా పోదు, గీకినా పోదు.

పెద్దవాడు వజ్రకేతు పులిని కోరాడు. గుడ్డమీద గీసినప్పుడు అది గర్జిస్తున్నట్టే ఉంది. చేతిమీదికి వచ్చాక మాత్రం, మోచెయ్యి వంచితే చాలు, పులి ముడుచుకుని పిల్లి అయ్యేది. సభలో ఎవరో "మ్యావ్" అన్నారు. ఆనాటినుంచి అతను శాలువా తియ్యలేదు.

రెండోవాడు పుష్పకేతు వంద కన్నుల నెమలిని కోరాడు. పుండు మానేసరికి నెమలీ లేదు, కన్నులూ లేవు, నీలం మరక మిగిలింది. అతను సభకు రావడమే మానేశాడు.

మూడోవాడు మణికేతు వంతు వచ్చింది. పచ్చబొట్ల పొలమ్మ సూదుల మూట విప్పగానే అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నాన్నగారూ, ముందు చూసుకుని అప్పుడు పొడిపించుకుంటాను."

"పొడవకుండా ఎలా చూస్తావురా?" అన్నాడు రాజు.

పొలమ్మ మెల్లగా చెప్పింది. "దారి ఉంది బాబూ. ఏడు సముద్రాల అవతల జటాలుడనే మాంత్రికుడి దగ్గర ఒక అద్దం ఉంది. లోకంలోని పచ్చబొట్లన్నీ చూసి చూసి అది నేర్చుకుంది. ఎదురుగా నిలబడి కావలసిన బొమ్మ మాటల్లో చెబితే, నీ చేతిమీద అదెలా కుదురుతుందో చూపిస్తుంది. ఇవాళ ఎలా ఉంటుందో, నలభయ్యో ఏట, ఎనభయ్యో ఏట ఎలా ఉంటుందో కూడా. కానీ అక్కడికి వెళ్ళినవాళ్ళకు ఆ మాంత్రికుడు గొలుసు బొమ్మ పొడుస్తాడు. ఇక వాళ్ళు అతని బానిసలే."

రాజు ఆరు నెలలు గడువిచ్చాడు. ఆలోగా రాకపోతే రాజ్యం దాయాదులదే.

మణికేతు నడిచి నడిచి సముద్రం చేరాడు. ఒడ్డున వలలో చిక్కిన తాబేలు కనిపిస్తే వల కోసి విడిపించాడు. "ఎక్కు నాయనా, దించుతాను" అంది తాబేలు. ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, మూడు దాటింది, అలా ఏడూ దాటింది. దీవిలో అరచేతిలో ముల్లు దిగి మూలుగుతున్న కోతి కనిపిస్తే, ముల్లు తీశాడు. కోతి వెంట నడిచింది.

మాంత్రికుడి కోటలో ఒక అమ్మాయి అద్దం తుడుస్తోంది. నుదుట గొలుసు బొమ్మ. ఆమె దవనిక, ఒక రాజు కూతురు.

"వెళ్ళిపోండి! ఆయన స్నానానికి వెళ్ళాడు, ఇప్పుడే వచ్చేస్తాడు" అంది.

"నిన్నిక్కడ వదిలేసి ఎలా వెళ్ళను?" అన్నాడు మణికేతు.

దవనిక గుమ్మంవైపు ఒకసారి చూసింది. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "ఆయన ప్రాణం తోటలో ఒక చిలకలో ఉంది. కానీ అక్కడ వెయ్యి చిలకలున్నాయి, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. ఒకసారి నేను అద్దాన్ని మల్లెమొగ్గ చూపించమంటుంటే ఆయన పొరపాటున అడ్డొచ్చాడు. అద్దంలో ఆ మొగ్గ ఆయన భుజంమీద పడింది, ఆ క్షణంలోనే బయట తోటలో ఒక చిలక రెక్కమీద మల్లెమొగ్గ మెరిసి మాయమైంది. ఆయన చూడలేదు. ఈ గడప దాటలేను కనక నేనేమీ చెయ్యలేకపోయాను."

మణికేతు కోతి చెవిలో ఏదో చెప్పాడు. కోతి తోటలోకి దూకింది.

అంతలో జటాలుడు సూది పట్టుకుని వచ్చాడు. "చెయ్యి చాపరా రాకుమారా!"

మణికేతు నవ్వుతూ అన్నాడు. "చాపుతానయ్యా. ఇందరికి పొడిచారే, మీ వంటిమీద ఒక్క బొమ్మా లేదేం?"

జటాలుడు గొణిగాడు. "నాకు నొప్పంటే పడదు."

"అద్దంలో చూసుకుంటే నొప్పేముంది? మీ అంత వెడల్పు ఛాతీమీద ఎర్రతామర ఎంత బాగుంటుందో!"

మాంత్రికుడికి ఆశ పుట్టింది. అద్దం ముందు నిలబడి, "ఎర్రతామర" అన్నాడు. అద్దంలో అతని ఛాతీమీద తామర విచ్చుకుంది. అటు తిరిగాడు, ఇటు తిరిగాడు, మురిసిపోయాడు. తోటలో ఒకే ఒక్క చిలక గుండెమీద ఎర్రతామర మెరిసింది. కోతి ఒక్క గెంతులో దాన్ని పట్టి తెచ్చి మణికేతు చేతిలో పెట్టింది.

మాంత్రికుడు కూలబడ్డాడు. "చంపకు నాయనా!"

"చంపను. గొలుసులన్నీ విప్పు."

జటాలుడు మంత్రం చదివాడు. దవనిక నుదురు తేటపడింది. బానిసలందరి గొలుసులూ చెరిగిపోయాయి. చిలకను పంజరంలో పెట్టి, అద్దం తీసుకుని అందరూ తాబేలు ఎక్కి బయల్దేరారు. ప్రాణంమీది తీపికొద్దీ జటాలుడు ఆ చిలకకు జామపళ్ళు ఏరుతూ వెంట వచ్చాడు.

జేగురుపట్నం చేరాక మణికేతు అద్దం ముందు కూర్చున్నాడు. సూర్యుణ్ణి చూశాడు, కత్తిని చూశాడు, ఏనుగును చూశాడు. ఎనభయ్యో ఏటికి సూర్యుడు నలిగిపోయాడు, కత్తి వంకరపోయింది, ఏనుగుకు తొండమే కనిపించలేదు. గడువు ఇంక ఒక్కరోజే ఉంది.

"ఎలా ఉంటుందో అద్దం చెబుతుంది. ఏది కావాలో మీరే చెప్పాలి. ఈ ఊరివాళ్ళు బతికేది దేనిమీద?" అంది దవనిక.

మణికేతు కిటికీలోంచి చేలవైపు చూశాడు. "జొన్నకంకి" అన్నాడు అద్దంతో.

కుర్రచేతి మీద నిటారుగా పచ్చికంకి. నలభయ్యో ఏట గింజ నిండిన కంకి. ఎనభయ్యో ఏట, ముడతల చేతిమీద, బరువుకు వంగిన పండుకంకి.

"ఇదే పొడువవ్వా" అని చెయ్యి చాపాడు. పొలమ్మ పొడిచింది. నొప్పికి కళ్ళు చెమర్చాయి, చెయ్యి మాత్రం కదలలేదు. మర్నాడు సభలో రైతులు లేచి నిలబడి దండం పెట్టారు.

ఆ వారంలోనే మణికేతుకు పట్టాభిషేకం, దవనికతో పెళ్ళి ఒకే పందిట్లో జరిగాయి. అద్దాన్ని పొలమ్మ గుడిసెలో పెట్టించారు, ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు. వాళ్ళిద్దరూ అరవై ఏళ్ళు రాజ్యమేలారు. ఆ అరవై ఏళ్ళూ ఎవ్వరూ పస్తు పడుకోలేదు. మీరూ లేవండి మరి, అన్నాలు చల్లారిపోతున్నాయి.